ఐపీ పెట్టాలా, అప్పులవాళ్లతో కూర్చుని మాట్లాడుకోవాలా?

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు "ఐపీ" అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. "ఫలానా షాపాయన ఐపీ పెట్టేశాడంట" అని టీ కొట్టు దగ్గర ఒక మాట వినిపిస్తే చాలు, ఆయనకు అప్పిచ్చినవాళ్లకి ఆ రాత్రి అన్నం సయించదు. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, తెలుగులో దివాలా పిటిషన్. మన ఇళ్లలో పెద్దవాళ్లు దివాలా తీసినవాణ్ని ముఫ్లిస్ అంటారు. మాట అందరికీ తెలుసు. దాని లోపల ఏముందో మాత్రం చాలామందికి తెలియదు. కోర్టులో ఒక కాగితం పడేస్తే అప్పులన్నీ పోతాయని కొందరు, ఐపీ పెడితే జైల్లో వేస్తారని కొందరు అనుకుంటారు. రెండూ తప్పే.

నేను ఈ విషయంలోకి దిగింది రిపోర్టర్‌గా కాదు. మా మామూకి చెప్పుల షాపు ఉండేది. కరోనా లాక్‌డౌన్‌లో మూతపడ్డ షాపు తెరిచాక మునుపటి బేరం రాలేదు. ఆ మధ్యలోనే ఒక కూతురి పెళ్లి. ఒక నోటు అప్పు తీర్చడానికి ఇంకో నోటు రాశాడు. ఒకరోజు నన్ను పిలిచి "బీకాం చదివావు కదా బేటా, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అన్నాడు. బీకాంలో మాకు ఇన్సాల్వెన్సీ అకౌంట్స్ అని ఒక చాప్టర్ ఉండేది. అందులో దివాలా తీసిన వ్యాపారికి కూడా లెక్కలు అద్దంలా ఉంటాయి. మామూ దగ్గర ఉన్నది ఒక వంద పేజీల నోట్‌బుక్, దాని మధ్యలో మడతపెట్టిన చీటీలు.

ఆ లెక్కల్నే కొంచెం మార్చి, గుండ్రంగా చేసి ఇక్కడ రాస్తున్నాను. మామూ ఒప్పుకున్నాడు, పేరు రాయనన్నాను కాబట్టి.

అప్పులన్నీ ఒక్క కాగితం మీదకి

ఇంటి అప్పు మొత్తం 10 లక్షలు. కానీ అదంతా ఒకే రకం కాదు. ముమానీ పేరు మీద బ్యాంకులో బంగారం లోను 1,40,000, మైక్రోఫైనాన్స్ బాకీ 60,000. మామూ పేరు మీద ప్రాంసరీ నోట్లు నలుగురి దగ్గర కలిపి 5 లక్షలు, రెండున్నర రూపాయల వడ్డీకి. ఒక బ్యాంకులో పర్సనల్ లోను 1,50,000, ఇంకో బ్యాంకు క్రెడిట్ కార్డు 50,000. చివరగా, వరసకి ఖాలా అయ్యే ఒకావిడ ఇచ్చిన లక్ష. ఆవిడ కువైట్‌లో ఇళ్లలో పనిచేసి పంపిన డబ్బు అది. వడ్డీ లేదు, నోటు లేదు, సాక్షి లేడు. ఖర్జె హసనా.

ఇంటి ఆదాయం నెలకు 28,000: షాపు మీద 22,000, ముమానీ కుట్టు మిషన్ మీద 6,000. ఇంటి ఖర్చు 17,000. మిగిలేది 11,000. నోట్ల మీద వడ్డీయే నెలకు 12,500. అంటే మామూ ఒక్క రూపాయి దుబారా చెయ్యకపోయినా అప్పు నెలనెలా పెరుగుతూనే ఉంటుంది. ఈ లెక్క చూసేదాకా ఇంట్లో అందరూ "ఇంకొంచెం బేరం పెరిగితే తీరిపోతుంది" అనుకుంటూనే ఉన్నారు.

కాగితం మీద పెడితే ఇంకో విషయం కూడా కనబడింది. 10 లక్షల్లో 2 లక్షలు ముమానీవి. మామూ ఐపీ పెట్టినా ఆ రెండింటికీ ఏ సంబంధం ఉండదు. దివాలా మనిషికే కానీ ఇంటికి కాదు.

ఐపీ చట్టం ఏమంటుంది

మన దగ్గర నడుస్తున్నది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. బ్రిటిష్ వాళ్లు చేసిందే. 2016లో పార్లమెంటు కొత్త దివాలా స్మృతి తెచ్చింది కదా, అదేమైంది అని అడగొచ్చు. అందులో మామూలు మనుషుల కోసం ఒక భాగం ఉంది. ఏడాదికి 60,000 లోపు ఆదాయం, 20,000 లోపు ఆస్తి, 35,000 లోపు అప్పు ఉండి, సొంత ఇల్లు లేనివాళ్లకి అప్పు రద్దుచేసే ఏర్పాటు కూడా అందులో రాసి ఉంది. కానీ ఆ భాగాన్ని ప్రభుత్వం 2019 డిసెంబర్ 1 నుంచి కంపెనీల అప్పులకు షూరిటీ ఇచ్చినవాళ్లకి మాత్రమే అమల్లోకి తెచ్చింది. చెప్పుల షాపు మామూకీ, అంబాజీపేట కొబ్బరి వ్యాపారికీ, రావులపాలెంలో అరటి గెలలు కొనేవాడికీ ఇప్పటికీ 1920 చట్టమే. అందుకే అందులో 500 రూపాయలు, 50 రూపాయలు, అణాల లెక్కలు అలాగే ఉన్నాయి.

అప్పు 500 రూపాయలు దాటి, తీర్చలేని స్థితి ఉంటే ఎవరైనా పిటిషన్ వెయ్యొచ్చు. మన వైపు వాళ్లకి అది సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో పడుతుంది, పాతవాళ్లు సబ్ కోర్టు అంటారు. పిటిషన్‌లో ఎవరెవరికి ఎంత బాకీ, మీకున్న ఆస్తి ఏమిటి, అన్నీ రాయాలి. అప్పులవాళ్లందరికీ నోటీసులు వెళ్తాయి. తీర్చలేని స్థితి నిజమేనని కోర్టు నమ్మితే మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటిస్తుంది. ఆ ప్రకటన గెజిట్‌లో వస్తుంది.

ఆ రోజుతో మీ ఆస్తి మీది కాదు. కోర్టుకో, కోర్టు పెట్టిన రిసీవర్‌కో చెందుతుంది. రిసీవర్ దాన్ని అమ్మి, బాకీ రుజువు చేసుకున్నవాళ్లకి వాళ్ల వాళ్ల వాటా ప్రకారం పంచుతాడు. ఆ ప్రకటన తర్వాత కోర్టు అనుమతి లేకుండా ఎవరూ మీ మీద కొత్తగా డబ్బు దావా వెయ్యలేరు. ఐపీ ఇచ్చే అసలు రక్షణ ఇదే. ఇది ప్రకటనతో వచ్చేదే కానీ పిటిషన్ వేసిన రోజే వచ్చేది కాదు. "నేను ఐపీ పెట్టాను, ఇక ఎవడేం చేస్తాడు" అనేవాళ్లు ఈ తేడా మర్చిపోతారు. ఈ మధ్యకాలంలో దావాలు ఆగాలని రూలేం లేదు.

ప్రకటనతో కథ అయిపోదు. కోర్టు చెప్పిన గడువులో డిశ్చార్జి కోసం మళ్లీ దరఖాస్తు చెయ్యాలి. చెయ్యకపోతే దివాలా ప్రకటనే రద్దవుతుంది, మళ్లీ మొదటికొస్తారు. డిశ్చార్జి కూడా అడగ్గానే ఇవ్వరు. ఆస్తి అమ్మితే రూపాయికి ఎనిమిదణాలు కూడా రాకపోతే, అది మీ చేతిలో లేని కష్టం వల్ల జరిగిందని కోర్టుకి నమ్మకం కలిగించాలి. జబ్బు, తుఫాను లాంటివి. జూదం వల్ల, హద్దులేని ఖర్చుల వల్ల అప్పులపాలైతే పూర్తి డిశ్చార్జి రాదు. మునిగిపోయామని తెలిశాక కూడా వ్యాపారం నడిపినా, తీర్చే దారి లేదని తెలిసే అప్పు చేసినా, మూడేళ్ల లెక్కల పుస్తకాలు లేకపోయినా అంతే. మామూ నోట్‌బుక్ గుర్తొచ్చి నాకు చెమట పట్టింది ఇక్కడే.

డిశ్చార్జి అయ్యేదాకా 50 రూపాయలో, అంతకు మించో అప్పు తీసుకోవాలంటే "నేను దివాలాదారుని" అని ముందే చెప్పాలి. చెప్పకపోతే 6 నెలల దాకా జైలు. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో నిలబడటానికి లేదు.

ఇల్లు పోతుందా?

అందరూ అడిగే ప్రశ్న ఇది. జవాబు మీరు ఏ పని చేస్తారనే దాన్ని బట్టి ఉంటుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం రైతు, కూలి, ఇంటి పనిమనిషి తాము ఉంటున్న సొంత ఇంటిని డబ్బు డిక్రీ కింద జప్తు చెయ్యకూడదు. అలా జప్తు చెయ్యకూడనిది దివాలాలో కూడా రిసీవర్ చేతికి వెళ్లదు. కట్టుబట్టలు, వంట సామాను, పరుపులు, పనివాడి పనిముట్లు కూడా అంతే. ముమానీ కుట్టు మిషన్ ఎవరూ పట్టుకెళ్లలేరు. అయితే ఇంటిని తాకట్టు పెట్టి ఉంటే ఈ రక్షణ పని చెయ్యదు. షాపు నడిపేవాడి ఇంటికీ ఈ రక్షణ లేదు. మామూది చెప్పుల షాపు. ఇంట్లో ఆయన వాటా సుమారు 5 లక్షలు. ఐపీ పెడితే మొదట పోయేది అదే.

బంగారం లోను, తాకట్టు లోను ఇచ్చినవాడి హక్కుని దివాలా ఆపదు. వాడు తన తాకట్టుని తాను అమ్ముకుంటాడు.

ఐపీతో ఆగనివి

షూరిటీ సంతకం పెట్టినవాణ్ని ఐపీ కాపాడదు. చట్టంలో స్పష్టంగా రాసి ఉంది: దివాలాదారు డిశ్చార్జి అయినా షూరిటీ పెట్టినవాడు బయటపడడు. చీటీ పాట పాడినప్పుడు ఒక టీచరు స్నేహం కొద్దీ మీకు సంతకం పెట్టాడనుకోండి. మీరు ఐపీ పెడితే చీటీ కంపెనీ ఆయన జీతం మీద పడుతుంది. అలవెన్సులు పక్కన పెట్టి నెలకు 40,000 జీతం అనుకుంటే, మొదటి 1,000 పోను మిగిలిన 39,000లో మూడో వంతు, అంటే 13,000 దాకా జప్తు చెయ్యొచ్చు. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలకు మించి పట్టుకోకూడదన్నది ఒక్కటే ఆయనకి ఊరట. నన్నడిగితే, షూరిటీలు ఉన్న అప్పుల విషయంలో ఐపీ గురించి ఆలోచించే ముందు ఆ షూరిటీ ఇంటికెళ్లి కూర్చోవాలి.

రెండోది ఖాళీ చెక్కులు. నోటుతో పాటు రెండు ఖాళీ చెక్కులు తీసుకోవడం మన దగ్గర మామూలైపోయింది. చెక్కు బౌన్సయితే అది సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు. దివాలా పిటిషన్ చూపించి దాన్ని ఆపలేరు. లీగల్ నోటీసు అందాక కట్టడానికి 15 రోజులు ఉంటుంది. ఆ తర్వాత కూడా ఎప్పుడైనా రాజీ పడొచ్చు.

ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీలు, మోసం చేసి తెచ్చిన అప్పులు, కోర్టు వేసిన భార్యాబిడ్డల మనోవర్తి కూడా డిశ్చార్జితో పోవు.

గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లకి ఒక మాట. దుబాయ్‌లో క్రెడిట్ కార్డు బాకీ వదిలేసి విమానం ఎక్కేస్తే అయిపోయినట్టు కాదు. 2020 జనవరి నుంచి యూఏఈ కోర్టుల సివిల్ డిక్రీలను మన జిల్లా కోర్టులో నేరుగా అమలు చేయించుకోవచ్చు.

ఇల్లు భార్య పేరు మీద రాసేస్తే?

మామూకి ఈ సలహా కనీసం ముగ్గురిచ్చారు. స్టాంపు పేపర్లు కూడా కొనిపెట్టుకున్నాడు. అమలాపురంలో మేం కలిసిన లాయరుగారు మొదట అడిగిందే "ఈ రెండేళ్లలో ఆస్తి ఎవరి పేరు మీదకైనా మార్చారా?" అని. పిటిషన్‌కి ముందు రెండేళ్ల లోపు ఊరికే రాసిచ్చిన ఆస్తిని రిసీవర్ రద్దు చేయించగలడు. అప్పులవాళ్లలో ఒకరికి మేలు చెయ్యాలని మూడు నెలల లోపు ఇచ్చిన డబ్బు, ఆస్తి కూడా అంతే. ఆస్తి దాచితే అది నేరం, ఏడాది దాకా శిక్ష పడొచ్చు. ఐపీ దాకా పోకపోయినా, అప్పులవాళ్లని ఎగ్గొట్టడానికి చేసిన బదిలీని మామూలు సివిల్ కోర్టులో కూడా కొట్టేయించవచ్చు.

"మెహర్ బాకీ ఉంది, దాని కింద రాశాను అంటే?" అని మామూ అడిగాడు. ఇది మన ఇళ్లకే ప్రత్యేకమైన ప్రశ్న. ఇవ్వని మెహర్ నిజంగా అప్పే, భార్య కూడా అప్పులవాళ్లలో ఒకరే. దివాలాలో ఆమె కూడా తన బాకీ రుజువు చేసుకుని వాటా అడగొచ్చు. కానీ నికానామాలో 11,000 మెహర్ రాసి ఉంటే, దాని కింద 5 లక్షల ఇల్లు ఇచ్చానంటే ఏ జడ్జీ నమ్మడు. నిజమైన మెహరే అయినా, అప్పులవాళ్లు తలుపు తడుతున్నప్పుడు భార్యకి మాత్రమే ముందు తీర్చడం అనుమానంగానే కనబడుతుంది. స్టాంపు పేపర్లు అలాగే బీరువాలో ఉండిపోయాయి.

తిరగేస్తే, భార్యకి ముందే ఇచ్చేసిన మెహర్, పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం ఆమెవే. ఆమె ఎక్కడా సంతకం పెట్టకపోతే భర్త అప్పులవాళ్లకి వాటి మీద హక్కు లేదు. తండ్రి అప్పు కొడుకు నెత్తిన పడుతుందా అని కూడా అడుగుతారు. మన షరియత్ ప్రకారం, చనిపోయినవాళ్ల ఆస్తిలోంచి కఫన్ దఫన్ ఖర్చు తర్వాత అప్పులు, ఆ తర్వాత వసీయత్, ఆ తర్వాతే వారసులకి. కొడుకు తనకొచ్చిన వాటా మేరకే బాధ్యుడు, సొంత జేబులోంచి కట్టమని చట్టం అనదు.

కూర్చుని మాట్లాడుకుంటే

ఇక్కడ అణాల లెక్క పనికొస్తుంది. మామూ ఆస్తి: ఇంటి వాటా 5 లక్షలు, షాపు సరుకు 70,000, స్కూటరు 30,000. మొత్తం 6 లక్షలు. ఆయన పేరు మీద అప్పు 8 లక్షలు. ఐపీలో అంతా అమ్మితే రూపాయికి పన్నెండణాలు వస్తాయి. అందులోంచి రిసీవర్ ఖర్చులు పోతాయి, చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. అదే మామూ నెలకు 11,000 చొప్పున కడుతూ పోతే 6 లక్షలు సుమారు 55 నెలల్లో తీరతాయి. అంటే అవే పన్నెండణాలు నాలుగున్నరేళ్లలో వస్తాయి, ఇల్లు మిగులుతుంది. అప్పులవాళ్ల ముందు ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టాం. బతిమాలడం కంటే ఇదే ఎక్కువ పనిచేసింది.

ఇల్లే లేనివాడి లెక్క వేరు. ఆస్తి లక్ష, అప్పు 8 లక్షలు అయితే ఐపీలో అప్పులవాళ్లకి వచ్చేది రెండణాలు. అలాంటి చోట ఆరణాలకి ఒప్పుకోవడం వాళ్లకే లాభం. కాబట్టి మాట్లాడటానికి వెళ్లే ముందు ఈ భిన్నం కట్టుకుని వెళ్లండి.

ముమానీ తన బంగారం అమ్మడానికి తనంతట తాను ఒప్పుకుంది. ఎవరూ అడగకూడదని నేను గట్టిగా అన్నాను, అది ఆమె సొత్తు కాబట్టి. 2,20,000 వచ్చింది. లోను, మైక్రోఫైనాన్స్ రెండూ తీరి 20,000 మిగిలాయి.

నోట్లవాళ్లు నలుగురిలో ముగ్గురు వడ్డీ ఆపి, అసలులో పావు వంతు తగ్గించుకున్నారు. ఇలాంటి ఒప్పందం నోటి మాట మీద వదిలేయకూడదు. ఎంతకి ఒప్పుకున్నారో, ఎన్ని నెలలో, ఏ తారీకున, ఒక నెల తప్పితే ఏమవుతుందో రాసుకుని ఇద్దరూ సాక్షులతో సంతకాలు పెట్టాలి. డబ్బు బ్యాంకు ద్వారానే కట్టాలి. బాకీ తీరిన రోజు అసలు ప్రాంసరీ నోటు, ఖాళీ చెక్కులు వెనక్కి తీసుకోవాలి. డబ్బంతా కట్టేసి నోటు తీసుకోకుండా వచ్చినవాళ్లు, ఆ నోటు మీదే దావా ఎదుర్కొన్నవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. అందరికీ ఒకే వాటా ఇవ్వాలి. ఒకరికి చాటుగా ఎక్కువిస్తే మిగతావాళ్లకి తెలిసిన రోజు ఒప్పందం మొత్తం కూలిపోతుంది.

ఈ కాగితానికి ఇంకా బలం కావాలంటే లోక్ అదాలత్‌లో పెట్టుకోవచ్చు. కేసు వెయ్యకముందే కూడా వెళ్లొచ్చు. అక్కడ రాసిన అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అంటే మీరు కట్టకపోతే అవతలివాళ్లు నేరుగా అమలుకి వెళ్తారు. తీర్చగలిగినంతకే ఒప్పుకోండి.

బ్యాంకుల సంగతి కొంచెం వేరు. 2023 జూన్ 8న రిజర్వ్ బ్యాంక్ రాజీ సెటిల్‌మెంట్ల మీద నిబంధనలు ఇచ్చింది. ప్రతి బ్యాంకూ తన పాలసీ ప్రకారం ఓటీఎస్ చేసుకోవచ్చు. ఏళ్ల తరబడి వాయిదాలకి సాధారణంగా ఒప్పుకోరు, ఒకేసారో కొద్ది విడతల్లోనో అడుగుతారు. మామూ స్కూటరు, పాత సరుకు అమ్మింది ఇందుకే. రికవరీ ఏజెంటు ఫోన్‌లో చెప్పిన అంకె నమ్మి డబ్బు కట్టొద్దు. బ్యాంకు లెటర్‌హెడ్ మీద పూర్తి, చివరి సెటిల్‌మెంట్ అని ఉత్తరం వచ్చాకే కట్టండి. సిబిల్‌లో "క్లోజ్డ్" బదులు "సెటిల్డ్" అని పడుతుంది, ఏళ్ల తరబడి కొత్త లోను రావడం కష్టం. మామూ "ఇంకా లోనా? తౌబా" అన్నాడు. బ్యాంకు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదు. మైక్రోఫైనాన్స్ వాళ్లకైతే ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే. మీరితే ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా వెళ్లొచ్చు, వివరాలకి 14448. లోన్ యాప్ బెదిరింపులైతే 1930.

ఒక్కడు ఒప్పుకోకపోతే

నాలుగో నోటాయన ఒప్పుకోలేదు. బయట చేసుకునే ఒప్పందంలో ఉన్న లోటు ఇదే. పదిమంది ఒప్పుకున్నా పదకొండోవాణ్ని కట్టిపడేయలేం. ఆయన దావా వేశాడు. ఇంట్లో ఏడుపులు. నిజానికి దావా అంటే లోకం మునిగిపోవడం కాదు. కేసు నడుస్తుండగానే వాయిదాలు ఇమ్మని జడ్జిగారిని అడగొచ్చు. డిక్రీ అయిపోయాక అయితే అవతలివాడు ఒప్పుకోవాలి, అందుకే ముందే అడగాలి. వ్యాపార లావాదేవీ కాకపోతే డిక్రీ తేదీ నుంచి వడ్డీ ఏడాదికి 6 శాతానికి మించకూడదు. అంటే నెలకి అర్ధ రూపాయి. రెండున్నర రూపాయల వడ్డీ కట్టినవాడికి ఇది చిన్న విషయం కాదు. మామూకి వాయిదాలు వచ్చాయి.

డబ్బు డిక్రీ కింద ఆడవాళ్లని అరెస్టు చెయ్యకూడదు. మగవాళ్లనైనా కేవలం కట్టలేకపోయినందుకు జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. ఉండీ ఎగ్గొడుతున్నాడని రుజువు కావాలి.

ఐపీ లోపల కూడా రాజీకి దారుంది. దివాలా ప్రకటించాక అప్పుదారు ఒక ప్రతిపాదన పెట్టొచ్చు. బాకీ రుజువు చేసుకుని హాజరైన అప్పులవాళ్లలో సగం మందికి పైగా, అప్పు విలువలో నాలుగింట మూడొంతులు ఒప్పుకుని, కోర్టు ఆమోదిస్తే ఒప్పుకోనివాళ్లు కూడా కట్టుబడాలి. మామూ లెక్కలో అందరూ వస్తే ఏడుగురిలో నలుగురు, 8 లక్షల్లో 6 లక్షలు. మొండికేసేవాళ్లు ఎక్కువగా ఉన్నచోట నాకైతే ఐపీకి ఇదే మంచి ఉపయోగం అనిపిస్తుంది.

ఆస్తి దాదాపు ఏమీ లేక, సంపాదించే మనిషి మంచాన పడి, నెలకు ఏమీ మిగలని ఇంటికి వాయిదాల ఒప్పందం పేరుకే. అది రెండో నెలకే తప్పుతుంది. అలాంటివాళ్లు ఐపీ పెట్టడం తప్పేం కాదు, సిగ్గుపడాల్సిందీ కాదు. లెక్కలన్నీ నిజంగా చెప్పాలి, అంతే.

మరి అల్లాహ్ దగ్గర?

మామూని రాత్రిళ్లు నిద్రపోనివ్వనిది కోర్టు కాదు, ఇది. అప్పు ఉండగా చనిపోతే జనాజా దగ్గర ఏమవుతుందన్న భయం మన ఇళ్లలో అందరికీ ఉంటుంది. సూరె బఖరాలో, అప్పుదారు కష్టంలో ఉంటే తేరుకునేదాకా గడువివ్వాలని, మాఫ్ చేస్తే ఇంకా మంచిదని ఉంది. సహీ ముస్లింలో ఒక సంఘటన ఉంది. పండ్ల తోట కొని నష్టపోయి అప్పులపాలైన ఒకాయన కోసం ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం జనాన్ని సదఖా ఇమ్మన్నారు. అదీ చాలకపోతే, ఉన్నంత తీసుకోండి, అంతకు మించి మీకు లేదని అప్పులవాళ్లకి చెప్పారు. జకాత్ అందాల్సిన ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు ఒకరు. ఈ సంగతి అడగడానికి మనవాళ్లు సిగ్గుపడతారు.

కోర్టు డిశ్చార్జి ఇచ్చినంత మాత్రాన మిగిలిన అసలు పోదని, ఇచ్చినవాళ్లు మాఫ్ చేసేదాకా జిమ్మా ఉంటుందని ఉలమా చెప్తారు. ఐపీకీ సెటిల్‌మెంట్‌కీ మధ్య ఈ తేడా నాకు లాయరు ఆఫీసులో తట్టలేదు, మస్జిద్‌లో ఇమామ్ సాబ్ దగ్గర కూర్చున్నప్పుడు తెలిసింది. సెటిల్‌మెంట్‌లో తగ్గించినవాడు తన నోటితో మాఫ్ చేస్తాడు. ఐపీలో కోర్టు చేస్తుంది. నోటు మీద దావాకి మూడేళ్ల గడువు దాటితే కోర్టులో చెల్లదన్న మాట కూడా ఇలాంటిదే. చట్టం ప్రకారం నిజమే, కానీ ఖాలా లక్షకి అసలు నోటే లేదు. ఆమె కోర్టుకి వెళ్లలేదు. మామూ ఆమె దగ్గర పావు వంతు తగ్గింపు అడగలేదు, గడువు మాత్రం అడిగాడు.

అప్పిచ్చినవాళ్లకి

ఖాలా లాంటివాళ్లు చదువుతుంటే ఒక విషయం. మీకు ఐపీ నోటీసు వస్తే చింపెయ్యకండి. కోర్టులో మీ బాకీ రుజువు చేసుకుంటేనే పంపకంలో వాటా. నోటు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ కాగితం, వాట్సాప్ మెసేజీలు, ఏది ఉంటే అది లాయరుకి చూపించండి. అవతలివాడు ఆస్తి ఈ మధ్యే ఎవరి పేరు మీదకైనా మార్చాడని తెలిస్తే, అది కోర్టులో చెప్పాల్సింది మీరే.

లాయరు ఫీజు భయమైతే, అమలాపురం కోర్టు ప్రాంగణంలోనే న్యాయ సేవల కమిటీ ఉంది. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు ఇస్తారు. ఫోన్ నంబరు 15100. వెళ్లేటప్పుడు అప్పుల జాబితా, నోట్ల జిరాక్సులు, వచ్చిన నోటీసులు వాటి కవర్లతో సహా, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఇంటి పన్ను రసీదు పట్టుకెళ్లండి. కవర్లు ఎందుకంటే, నోటీసు ఏ తారీకున అందిందో దాని మీద ముద్ర చెప్తుంది. మామూ అన్నీ తెచ్చి కవర్లు మాత్రం చించి పారేశాడు.